డబ్బా సరే, ఏ నీళ్లతో కలుపుతున్నారు?

34 వారాలకే పుట్టిన బాబు, మీ పాలు చాలక డాక్టర్ పాలపొడి రాశారు. ఇంతలో ఎవరో పాలడబ్బాల్లో సీసం, ఆర్సెనిక్ ఉన్నాయంటూ వీడియో పంపారు. వీటికి మన దేశంలో హద్దులు ఉన్నాయా, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టు డబ్బా మానేసి బర్రెపాలు పట్టాలా అని అడిగారు. మీది కనిగిరి దగ్గర పల్లె అని చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మా అత్తగారిల్లు కూడా ఆ వైపే, పామూరు దగ్గర.

ముందు వీడియో సంగతి. అందులో 41 రకాల పాలపొడులను పరీక్షించారన్న మాట ఉంటే, అది 2025 మార్చిలో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ చేసిన పరీక్ష. అవి అక్కడ అమ్మే డబ్బాలు. కొన్నింట్లో సీసం, ఆర్సెనిక్ ఆందోళన పడేంత కనిపించాయి, కొన్నింట్లో అంత లేవు. ఆ ఒక్క వీడియో చూసి మీ బాబు డబ్బా ఆపేయకండి.

హద్దులు ఉన్నాయి. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలకు ప్రొటీన్ ఎక్కువున్నట్టు చూపించడానికి మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు. ఆ పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాతే పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కిలోకు 1 మిల్లీగ్రాము దాటకూడదని అంతర్జాతీయంగా హద్దు పెట్టారు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లోనూ అదే అంకె ఉంది. సీసం విషయంలో, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ లెక్క కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఈ లెక్క పొడికి కాదు, నీళ్లు కలిపి బిడ్డ నోటికి అందించే పాలకు. ఆ పాలలో ఎక్కువ భాగం నీళ్లే కదా. ఆ నీళ్లు మన ఇంటివి. వాటిని ఏ కంపెనీ పరీక్ష చేయదు.

నేను తప్పు చేసింది ఇక్కడే. మా పాప 33 వారాలకు నెల్లూరులో పుట్టింది. డిశ్చార్జి చేసేటప్పుడు ఎన్ని స్పూన్లు, ఎన్ని ఎం.ఎల్. అన్నీ చెప్పారు, ఏ నీళ్లు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక మా అత్తమ్మ పాపం ఎంతో శ్రద్ధగా బోరు నీళ్లు స్టవ్ మీద పెట్టి, రెండు గ్లాసులు ఒకటిన్నర అయ్యేదాకా మరిగించి ఇచ్చేది. ఎంత మరిగితే అంత మంచిదని మా అందరి నమ్మకం. ఒకరోజు ఏఎన్ఎం అక్క పాప బరువు చూడటానికి వచ్చి, ఆ గిన్నె చూసి, "ఇవి ఏ నీళ్లమ్మా?" అని అడిగింది. బోరువని చెప్పాను. ఆమె మా ఆయన్ని పిలిచి పళ్లు చూపించమంది. ఆయనకు చిన్నప్పటి నుంచీ గారపళ్లు, గోధుమరంగు చారలు. "ఈ నీళ్లే కదా తాగింది" అంది.

పళ్లకు అలా గార పట్టించేది నీళ్లలోని ఫ్లోరైడ్. మర్నాడు పంచాయతీలో ఉన్న ఫ్లోరైడ్ టెస్ట్ కిట్ తెచ్చారు. చిన్న సీసాలో మా నీళ్లు పోసి రెండు చుక్కలు మందు వేస్తే గులాబీ రంగు నిలవాలి. మా సీసా పసుపుపచ్చగా తిరిగింది, అంటే ఫ్లోరైడ్ ఎక్కువని. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్ రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 3.4 మిల్లీగ్రాములని వచ్చింది. మన దేశ తాగునీటి ప్రమాణంలో 1 ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఇంకేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ కూడా అంతే. బోరు పక్కనే పెంటదిబ్బ ఉంటే అదీ చూపించుకోండి, దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది ఎక్కువైతే చంటిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది.

ఒక లెక్క చెప్తాను. ఐదు కిలోల బిడ్డ రోజుకు సుమారు 750 ఎం.ఎల్. పాలు తాగుతుంది. మా నీళ్లతో అయితే రోజుకు రెండు మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ లోపలికి పోతుంది. అదే తల్లిపాలలో, తల్లి ఆ నీళ్లే తాగుతున్నా, ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఇది తెలిసిన రోజు చాలా ఏడ్చాను. అందుకే చెప్తున్నా, మీకు కొంచెమే వస్తున్నా సరే, ముందు మీ పాలు పట్టండి, చాలనంత వరకే డబ్బా.

మేము ఆర్‌ఓ ప్లాంటు క్యాన్లకు మారాం. అక్కడ కూడా మొదట మోసపోయేవాళ్లమే. ప్లాంటు అతను టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపించి "సూపర్ నీళ్లు" అన్నాడు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చెప్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఆ నీళ్లనూ ల్యాబ్‌లో విడిగా చూపించాకే వాడాం.

ఆర్‌ఓ నీళ్లయినా కాచకుండా కలపొద్దు. పాలపొడిలో క్రిములు అసలుండవని అనుకోకండి. క్రోనోబాక్టర్ అనే క్రిమి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ప్రాణాంతకం. డబ్ల్యూహెచ్ఓ చెప్పేది, మరిగించిన నీళ్ల వేడి 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టమని. మీ డబ్బా మీద గోరువెచ్చని నీళ్లని రాసి ఉంటే పిల్లల డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. కలిపి రెండు గంటలు దాటితే పారబోయండి, పొడి ఖరీదు చూసి దాచొద్దు.

బర్రెపాలు వద్దు. ఏడాదిలోపు పిల్లల కిడ్నీలకు అవి బరువు. పైగా బూజు పట్టిన వేరుశనగ చెక్క తిన్న బర్రె పాలలోకి అఫ్లటాక్సిన్ అనే బూజు విషం దిగుతుంది, కాచినా పోదు. పాలలో దానికి మన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, యూరప్‌లో 0.05. పెరటి బర్రె పాలకు ఆ పరీక్ష ఎవరు చేస్తారు?

డబ్బా కొనేటప్పుడు సీలు, తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు చూడండి. మీద పసిబిడ్డ బొమ్మ ఉంటే తీసుకోకండి, పసిపిల్లల పాలడబ్బాల అమ్మకం, ప్రచారం మీద ఉన్న 1992 చట్టం ప్రకారం అలా వేయకూడదు.

మా పాపకు బోరు నీళ్లు పట్టింది 19 రోజులే. అంత కొద్ది రోజులకు భయపడక్కర్లేదని డాక్టర్ అన్నారు. ఇప్పుడు ఆరేళ్లు, పోయిన నెల కింది ముందుపన్ను ఊడింది. కొత్త పన్ను అంచు కనిపిస్తోంది. రోజూ పొద్దున్నే వాకిట్లో వెలుతురులో నిలబెట్టి చూస్తున్నాను.

మీరు రేపే శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని, అవే నీళ్లతో రెండుసార్లు కడిగి నింపి, ఏ బోరో, ఏ తేదీనో రాసి ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌లో ఇవ్వండి. రిపోర్టు వచ్చేదాకా మీ బోరు నీళ్లతో కలపకండి. అంకె వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.