స్టెంట్ వేశాక ప్యాంక్రియాటైటిస్ వచ్చింది, కేసు పర్లాకిమిడిలో వేయొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి నిరుడు వైజాగ్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కాలేయ మార్పిడి జరిగింది. కాలేయం ఇచ్చింది మా చెల్లెలు. ఆరు నెలలకు కామెర్లు వచ్చాయి. పైత్యనాళం సన్నబడిందని ఈఆర్‌సీపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చేసే పైత్యనాళ చికిత్స) చేసి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారు. ఆ రాత్రే భరించలేని కడుపునొప్పి. ప్యాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) అని ఐసీయూలో పెట్టారు, బిల్లు తడిసి మోపెడైంది. ఇలా కావొచ్చని ముందు ఎవరూ చెప్పలేదు. కేసు వేయడానికి వైజాగ్ చుట్టూ తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. ఆస్పత్రికి కట్టింది 50 లక్షలు దాటకపోతే మీ గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. గడువు రెండేళ్లు.

ఇక అసలు సంగతి. మీ బాధ తెలుసు, అయినా ఉన్నమాట చెప్పాలి. ప్యాంక్రియాటైటిస్ వచ్చిందన్న ఒక్క కారణంతో కేసు నిలవదు. ఈఆర్‌సీపీ ఎంత చెయ్యి తిరిగిన డాక్టరు చేసినా అది రావొచ్చు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పేగుకు రంధ్రం కూడా అంతే. చికిత్స వికటించినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని జేకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

మీ బలమంతా ‘ముందు చెప్పలేదు’ అన్నచోట ఉంది. చికిత్స ఏమిటి, ముప్పేమిటి, వేరే దారి ఉందా అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో అదే కోర్టు చెప్పింది. కాబట్టి సమ్మతి పత్రం తెప్పించండి. అందులో ప్యాంక్రియాటైటిస్ అన్న మాట ఉందా? సంతకం నాన్నగారే పెట్టారా, లేక ఆయన స్పృహలో ఉండగానే మీచేత పెట్టించారా? ఖాళీలు తర్వాత నింపినట్టుందా?

నర్సుల నోట్స్ అంతకన్నా ముఖ్యం. నొప్పి అని చెప్పిన టైమెంత, డాక్టరు వచ్చి చూసిన టైమెంత, ప్యాంక్రియాటైటిస్‌ను పట్టిచ్చే లైపేజ్ రక్తపరీక్ష ఎప్పుడు చేశారు? మధ్యలో గంటలు గడిచిపోయి ఉంటే, అది ముమ్మాటికీ నిర్లక్ష్యం కింద వాదించదగ్గ విషయం. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య నిబంధనలు చెబుతున్నాయి. ఉత్తరం ఇచ్చి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి.

ఒక్కమాట. ప్లాస్టిక్ స్టెంట్ అయితే మామూలుగా మూడు నెలలకోసారి మార్చాలి. లాయరు నోటీసు కంటే ముందు డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ చూసుకోండి. ఆ ఆస్పత్రికి వెళ్లడం ఇష్టం లేకపోతే మరోచోట చూపించండి. స్టెంట్ మూసుకుపోయి ఇన్ఫెక్షన్ వస్తే నాన్నగారి ప్రాణానికే ముప్పు, పైగా నష్టమంతా మీ అశ్రద్ధ వల్లేనని అవతలివాళ్లు వాదిస్తారు.