ఊరికే ఇచ్చే డిజైన్లు నిజంగా ఎవరైనా వాడతారా?

అడిగినాయన ప్రశ్న ఇది: సాఫ్ట్‌వేర్ సరే, యంత్రాలు, పరికరాల డిజైన్లు కూడా ఓపెన్ సోర్స్ అని, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఇచ్చేస్తే వాడేవాళ్ళుంటారా?

నేను వాడాను. వాడి 24 ఫేస్ షీల్డులను ఉడకబెట్టించాను కూడా.

మాది హన్మకొండ. 2020 లాక్‌డౌన్ నాటికి ఇంట్లో ఒక త్రీడీ ప్రింటర్ ఉండేది. చైనా కిట్, ప్రూసా ఐ3 అనే ఓపెన్ డిజైన్ ప్రింటర్‌కి నకలు. ఆ ఐ3 వంశం వెతుక్కుంటూ వెళ్తే ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో తేలతాం. అక్కడ ఏడ్రియన్ బోయర్ 2005లో రెప్‌రాప్ మొదలుపెట్టాడు. తన భాగాల్లో చాలావాటిని తానే ముద్రించుకునే యంత్రం చేసి, డిజైన్ ఊరందరికీ ఇచ్చేశాడు. ఆయన దాచుకుని ఉంటే నాలాంటివాడికి ప్రింటర్ కొనే తాహతు ఎక్కడిది? నాకు కిట్ అమ్మినవాళ్ళు మాత్రం ఆ డిజైన్‌లో తాము చేసిన మార్పులు ఎక్కడా బయటపెట్టలేదు. ఆ కోపం ఇంకా ఉంది.

మార్చిలో ప్రాగ్‌లోని ప్రూసా కంపెనీ ఫేస్ షీల్డ్ డిజైన్ విడుదల చేసింది. నాకు ఆవేశం వచ్చింది. ఫైల్ దింపాను, ఇంట్లో ఉన్న పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్) ఎక్కించాను, మొదలుపెట్టాను. షీల్డును తలకు పట్టి ఉంచే ఒక్కో బ్యాండుకు దాదాపు మూడు గంటలు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి సగంలో ఆగిన బ్యాండ్లు చెత్తబుట్టలోకి వెళ్ళాయి. ఐదో రోజుకు 24 తయారు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చి, ఫోటో దిగి, స్టేటస్ పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సిస్టర్ ఫోన్. "తమ్మీ, నువ్విచ్చినయి ఉడికినయ్. జర వచ్చి చూడు."

వెళ్ళి చూస్తే స్టీలు గిన్నెలో అన్నీ నానిన అప్పడాల్లా పడి ఉన్నాయి. మళ్ళీ వాడుకుందామని పాపం మరిగే నీళ్ళలో వేసింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఆమె తప్పేం లేదు, ఆమెకు ఎవరు చెప్పారని? ప్రూసా వాళ్ళు పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్ వాడమని డిజైన్‌తో పాటే రాశారు. చదవనిది నేను. (పీఈటీజీ కూడా మరిగే నీళ్ళకు ఆగదు, హైపో ద్రావణంతో (బ్లీచ్ లాంటిది) శుభ్రం చేసుకోవాలి. అదీ తర్వాతే తెలుసుకున్నాను.)

అందుకే నా అభిప్రాయం: ఓపెన్ డిజైన్ అంటే ఫైల్ కాదు, ఫైల్ పక్కన రాసిన నాలుగు ముక్కలు. మనవాళ్ళు ఒట్టి ఎస్‌టీఎల్ ఫైల్ (ముద్రించాల్సిన ఆకారం ఉండే ఫైల్) పడేసి ఓపెన్ సోర్స్ అంటారు. ఎస్‌టీఎల్‌లో పైకి కనిపించే ఆకారమే ఉంటుంది, అది ఏ కొలతల మీద కట్టారో ఉండదు. మార్చుకోవాలంటే చుక్కలు కనిపిస్తాయి. ఇక మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల సంగతి ఎత్తకండి. కొనుక్కున్న ప్రాజెక్టులో ఏది ఎందుకు చెడిందో ఎవడు రాస్తాడు?

రెండో విడతకు స్వీడన్‌లోని త్రీడీవెర్క్‌స్టాన్ అనే త్రీడీ ప్రింటింగ్ సంస్థ వాళ్ళ డిజైన్‌కి మారాను. నాకు బాగా నచ్చిన డిజైన్ అది. ఎలాస్టిక్ అక్కర్లేదు. ముందు అద్దంగా ఓహెచ్‌పీ షీటుకు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) ఆఫీసు పంచ్‌తో రంధ్రాలు కొట్టి తగిలించడమే. లాక్‌డౌన్‌లో ఎలాస్టిక్ ఎక్కడ దొరుకుతుంది? పంచ్ మాత్రం ప్రతి బీరువాలో ఉంటుంది. అందులోనూ, స్వీడన్ పంచ్ రంధ్రాల దూరం వేరు, మన దగ్గర 80 మిల్లీమీటర్లు. వాళ్ళు అది కూడా ఆలోచించి వేర్వేరు పంచ్ కొలతలకు వేర్వేరు ఫైళ్ళు పెట్టారు. మా సందు చివరి జిరాక్స్ షాపు అన్న షట్టర్ సగం ఎత్తి ఓహెచ్‌పీ షీట్ల కట్ట ఇచ్చాడు, డబ్బులు తర్వాత చూద్దామన్నాడు.

ఈసారి పీఈటీజీతో చేశాను. ప్రతి దానితో తెలుగులో ఒక కాగితం కూడా పెట్టాను: ఉడకబెట్టవద్దు, ఎండలో కారులో వదలవద్దు, హైపో ద్రావణంతో తుడవండి అని. ఆ కాగితం ఖమ్మంలో ఒక పాలిటెక్నిక్ కుర్రాడికి పంపితే, "అన్నా, డ్యూటీలో ఇంత ఎవరు చదువుతరు? బొమ్మ వెయ్" అన్నాడు. తనే వేశాడు: పొయ్యి మీద గిన్నె, దాని మీద పెద్ద ఇంటూ మార్కు. రెండు వారాల తర్వాత ఆ బొమ్మే ఎవరెవరి చేతులో తిరిగి మా బావ వాట్సాప్ నుంచి నాకు వచ్చింది, "నీకు పనికొస్తుందేమో చూడు" అని.

ఉడికిన బ్యాండ్లలో రెండు మా అమ్మ మల్లెతీగకు కట్టింది. ఇంకా ఉన్నాయి.