పొలం కేసులో మన పేరు లేకపోతే ఊరుకోవచ్చా? మా అమ్మ విషయంలో జరిగింది చెప్తాను

"మా నాన్న పోయారు. తాతగారి స్థలం మీద బాబాయిలిద్దరూ దావా వేసుకున్నారు, మాకు సమన్లు రాలేదు. పార్టీ కానివాళ్లకు తీర్పు వర్తించదంటున్నారు, ఊరుకోవచ్చా?" అని అడిగారు. ఊరుకోవద్దండి. అదే మాట నమ్మి మేం ఏడాది పోగొట్టుకున్నాం.

మాది కృష్ణా డెల్టా. 1979లో పెళ్లప్పుడు తాతయ్య అమ్మకు పసుపు కుంకుమ కింద ఎనభై సెంట్లు ఇచ్చారు. నోటిమాటతో సరిపెట్టకుండా గిఫ్టు దస్తావేజు రిజిస్టర్ చేయించారు, అదే మమ్మల్ని కాపాడింది. తాతయ్య పోయాక మావయ్యలిద్దరికీ చెడింది. పెద్ద మావయ్య పంపకాల దావా వేశాడు. షెడ్యూల్లో, అంటే దావాలో పంచమని అడిగిన ఆస్తుల జాబితాలో, అమ్మ ఎనభై సెంట్లతో కలిపి మొత్తం మూడెకరాల ఇరవై సెంట్లూ రాసేశారు. అమ్మ పేరు మాత్రం వాదుల్లో లేదు, ప్రతివాదుల్లోనూ లేదు. సంగతి తెలిసినా, "మనం పార్టీ కాదుగా, మనకేం కాదు" అని ఊళ్లో ఒక పెద్దాయన అంటే సరేననుకున్నాం.

ఒకరోజు పొద్దున్నే కౌలు రైతు ఫోన్ చేశాడు. "అమ్మా, కోర్టు కమిషనర్ గారట, సర్వేయర్ని తీసుకొచ్చి మన చేను కొలుస్తున్నారు" అని. మేం వెళ్లేసరికి కాయ మీదున్న మినప చేలో టేపు లాగుతున్నారు. వాళ్లు అడుగు వేసిన చోటల్లా కాయలు నలిగిపోతున్నాయి. అమ్మ గట్టు మీద నిలబడి "ఇది నాది బాబూ" అంది. కమిషనర్‌గా వచ్చింది ఒక కుర్ర లాయరు. మర్యాదగానే చెప్పాడు, "మీరు కేసులో లేరు కదమ్మా, మీరు చెప్పింది నేను రాసుకోలేను" అని. అమ్మ మళ్లీ మాట్లాడలేదు. కాలవ గట్టున తుమ్మచెట్టు కింద కూర్చుని, వాళ్లు కొలవడం అయ్యేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు అమ్మ మొహం నేను మర్చిపోలేను.

పార్టీ కానివాళ్లను తీర్పు కట్టడి చేయదన్నది చట్టంలో నిజమే. కానీ రేపు డిక్రీ పట్టుకుని అమీను (కోర్టు ఉత్తర్వు అమలు చేసే ఉద్యోగి) వచ్చాక మీరు వేరే దావా వేయాలి, మళ్లీ కోర్టు ఫీజు కట్టాలి, మళ్లీ ఏళ్ల తరబడి తిరగాలి. అంత టెన్షన్ ఎందుకు?

మేం మొదట కలిసిన లాయరు కాగితాలు తెరవకుండానే వేరే దావా వేసుకోమన్నాడు. ఇలాంటి సలహాలకు కూడా ఫీజు తీసుకుంటారు, అదే నా బాధ. రెండో లాయరు ఒక మేడమ్. ఆవిడ ఒకటే అడిగారు, "మీ అమ్మగారు ఆయన కూతురే కదా? కూతుర్ని వదిలేసి పంపకాల దావా ఎలా నడుస్తుంది?" సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 10(2) ప్రకారం కేసు ఏ దశలో ఉన్నా, అవసరమైన వాళ్లను కోర్టు చేర్చవచ్చు. దాని కిందే, మమ్మల్నీ కేసులో చేర్చమని ఇంప్లీడ్ పిటిషన్ వేశాం.

దానికి పెద్ద మావయ్య వేసిన కౌంటర్లో "ఆమెకు పెళ్లప్పుడే ఎనభై సెంట్లు ఇచ్చేశాం, ఈ ఆస్తితో ఇక సంబంధం లేదు" అని రాయించాడు. మేడమ్ వాదనలో ఆ ఒక్క వాక్యమే చదివి, "ఇచ్చేశామన్న భూమిని షెడ్యూల్లో ఎందుకు పెట్టారండీ?" అన్నారు. అవతలి లాయరు ఫైలు తిరగేస్తూ ఉండిపోయాడు. పిటిషన్ అలో అయింది. తర్వాతి వాయిదాకి బంట్రోతు పిలుపులో అమ్మ పేరు వినపడింది, రెండో ప్రతివాదిగా.

ఆడపడుచును మర్చిపోయి వదిలేశామంటే నేను చచ్చినా నమ్మను. ఇంట్లో పెళ్లయితే మొదటి శుభలేఖ ఆమెకే ఇస్తారు, దావాలో మాత్రం గుర్తుకు రాదా? హిందూ వారసత్వ చట్టాన్ని 2005లో సవరించారు, తండ్రి అప్పటికి బతికి లేకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా మా వైపు ఇప్పటికీ కొడుకుల పేర్లతోనే దావాలు పడుతున్నాయి.

మీ విషయానికొస్తే, పోయిన కొడుకు పిల్లలు మీరు, పంపకాల దావా అయితే మీరు లేకుండా అది నడవకూడదు. అది అమ్మకం అగ్రిమెంటు అమలు చేయమని వేసిన దావా అయితే మాత్రం వేరు. 2005లో కస్తూరి కేసులో సుప్రీంకోర్టు, అలాంటి దావాలో సొంత హక్కు ఉందంటూ వచ్చిన మూడో మనిషిని చేర్చక్కర్లేదంది. అప్పుడు వేరే దావా తప్పదు. ఇంకొకటి, దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం కొత్తగా చేరిన పార్టీ విషయంలో మామూలుగా చేరిన రోజు నుంచే దావా వేసినట్టు లెక్క. అందుకే ఆలస్యం చేయకండి.

దావా నంబరు తెలియకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో బాబాయి పేరు కొట్టి చూడండి, తర్వాతి వాయిదా కూడా అందులోనే కనిపిస్తుంది. నాన్నగారి మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత శిస్తు రసీదులు పట్టుకుని ఈ వారంలోనే లాయర్ని కలవండి.