ఉగాండా రాజధాని కంపాలాలో అప్పు ఇవ్వబోయే మా అమ్మాయికి

చి. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

కాంగో, దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన శరణార్థి ఆడవాళ్ల వ్యాపారాలకు నీ సొమ్ము పెట్టాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం తల్లీ. వాళ్లు డబ్బు తీసుకుని ఊరు దాటిపోతారేమోనని అల్లుడుగారికి టెన్షన్ అట. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం తర్వాత మన నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు సంఘాలు వచ్చినప్పుడు మా బ్యాంకులోనూ ఇదే మాట. పొలం లేదు, హామీ లేదు, వీళ్లకు అప్పేంటి అన్నారు.

ఉదయగిరి వైపు పనిచేసేటప్పుడు చెక్క గరిటెలు చేసే ఆడవాళ్ల సంఘం పుస్తకం ఒకటి చూశాను. ఒక పేరు ఎదురుగా "జ్వరం, వచ్చే వారం రెండు" అని రాసి ఉంది. మరుసటి వారం వరుసలో నిజంగానే రెండు వేలిముద్రలు. ఏ పాస్‌బుక్కూ నాకు అంత ధైర్యం ఇవ్వలేదు. నువ్వూ అలాంటి పుస్తకమే వెతుకు. అక్కడి పొదుపు సంఘాల్లో చాలావాటికి మూడు తాళాల పెట్టె ఉంటుంది. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి, పెట్టె సమావేశంలోనే తెరుస్తారు. వెళ్లి కూర్చో. ఒకామె కట్టలేకపోయిన రోజున మిగతావాళ్లు ఏం మాట్లాడుకుంటారో విను.

ఉగాండా 2006 చట్టం శరణార్థులకు పని చేసుకునే హక్కు ఇచ్చింది. మన దేశంలో అసలు శరణార్థుల చట్టమే లేదు, శరణార్థుల హక్కుల మీద దేశాలు చేసుకున్న 1951 ఒప్పందం మీద మనం సంతకమూ పెట్టలేదు. కాబట్టి అక్కడ అంగడి పెట్టుకోవడానికి చట్టం అడ్డు కాదు. బ్యాంకు అడిగే తనఖా, మన సిబిల్ లాంటి పాత అప్పుల లెక్క, ఇవే అడ్డు. ఆ లెక్కేమో వదిలేసి వచ్చిన దేశంలో ఉండిపోయింది. అందుకే మొదటి అప్పు చిన్నదిగా ఇచ్చి, కట్టిన ప్రతి వాయిదాకూ ఆమె పేరు మీద రసీదు ఇవ్వు. రేపు బ్యాంకుకు చూపించుకోవడానికి ఆమెకు ఒక కాగితమంటూ ఉంటుంది.

అప్పు అక్కడి డబ్బు షిల్లింగుల్లోనే ఇవ్వు. డాలరు లెక్కన ఇస్తే షిల్లింగు పడిపోయినప్పుడల్లా ఆ బరువు ఆమె మీదే పడుతుంది. చేపలమ్మే మనిషికి వారం వాయిదా సరిపోతుంది, బట్టలు కుట్టే మనిషికి బడులు తెరిచే సీజన్ చూసి పెట్టాలి. సరిగ్గా కడితే రెండో అప్పు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పి, ఆ తేదీకి ఇచ్చి తీరు. మనుషులు కట్టేది ఆ నమ్మకం మీదే.

2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పులు ఏం చేశాయో నీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో ఆడమనిషి మీద మూడు నాలుగు అప్పులు, వసూలుకు గుమ్మం ముందు బైఠాయింపులు, ఆత్మహత్యలు. చివరికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అందుకని ఇచ్చే ముందే ఆమెకు ఇంకెక్కడ బాకీలున్నాయో అడుగు. తోటి ఆడవాళ్లను ఆమె ఇంటి మీదకు ఎప్పుడూ పంపకు, ఎంత పెద్ద బాకీ అయినా సరే.

పిల్లల ఫీజులకు తీసిపెట్టిన సొమ్ము మాత్రం ఇందులోకి తేవద్దు. రెండేళ్లు తిరిగి రాకపోయినా ఇల్లు గడిచేంత వరకే పెట్టు.

మామయ్య,
కావలి