రాష్ట్రపతి భవన్ డ్రాయింగ్: గుమ్మటం మునిగిపోవడం తప్పు కాదు

తమ్ముడూ, ఎలివేషన్‌లో (భవనం ముందువైపును తిన్నగా చూపే బొమ్మలో) నిండుగా ఉన్న భవనం, గుట్ట కింది కూడలి విజయ్ చౌక్ నుంచి వేసిన పర్‌స్పెక్టివ్‌లో (కంటికి కనిపించినట్టు గీసే బొమ్మలో) మాయమై గుమ్మటం పైభాగమే మిగిలిందని ఆ షీటు చింపేయకు. నువ్వు వేసిందే నిజం. నార్త్, సౌత్ బ్లాకుల మధ్య రోడ్డు రైసీనా గుట్ట ఎక్కుతుంది. ఆ మిట్టే భవనాన్ని కప్పేస్తుంది. మన విశాఖలో మిట్ట ఎక్కేదాకా అవతలి సముద్రం కనపడదు చూడు, అలాగే. ఈ వాలు దగ్గరే భవనం గీసిన లుటియెన్స్‌కీ, సచివాలయంగా ఆ రెండు బ్లాకులూ గీసిన బేకర్‌కీ స్నేహం చెడింది. 1931లో ప్రారంభోత్సవం నాటికీ వాలు మారలేదు.

సరిచూసుకోవాలంటే రోడ్డు పొడవునా సెక్షన్ (నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గియ్యి. నేలకు 1.5 మీటర్ల ఎత్తున కన్ను పెట్టి, మిట్ట అంచును తాకిస్తూ గీత లాగు. మిట్ట అవతల గీత కింద పడిందేదీ కనిపించదు. ఆ సెక్షన్‌ని పర్‌స్పెక్టివ్ పక్కనే అంటించు, నీ డ్రాయింగులు పరీక్షించే జ్యూరీ అడగకముందే.