జపాన్ బడి చిత్రాల్లో మొదట ఏది చూపాలి?

నమస్కారమండీ. జపాన్ సినిమా ఎన్నడూ చూడని తొమ్మిదో తరగతి పిల్లలకు, కలిసికట్టుగా పనిచేయడం గురించిన చిత్రం ఒక్కటే చూపాలంటే ఏది ఎంచుకోవాలని అడిగారు. షినోబు యాగుచి 2004లో తీసిన ‘స్వింగ్ గర్ల్స్’ చూపించండి. వేసవి సెలవుల్లో లెక్కల ప్రత్యేక తరగతికి వచ్చిన అమ్మాయిలు బడి బ్యాండు వాళ్లకు తీసుకెళ్లిన భోజనం ఎండకు పాడై, తిన్నవాళ్లు జబ్బుపడటంతో, వాయిద్యాలు తామే పట్టవలసి వస్తుంది. నటించినవారు నిజంగానే వాయించడం నేర్చుకున్నారు కనుక, తొలి అపశ్రుతుల నుంచి చివరి కచేరీ దాకా ఆ జట్టు ఎదుగుదల చెవికే తెలుస్తుంది. ఉపశీర్షికలను వేగంగా చదవలేని పిల్లలకు అదే పెద్ద ఆసరా అని నా నమ్మకం. నిడివి కూడా రెండు గంటల లోపే. నచ్చితే, అబ్బాయిలు సామూహిక ఈత నృత్యం నేర్చుకునే ‘వాటర్‌బాయ్స్’ తర్వాత చూపవచ్చు. అది కూడా ఈ దర్శకుడు 2001లో తీసినదే.