డబ్బా మీద లీటర్లు నమ్మకు అల్లుడూ, ముంచి తూచి చూడు

అల్లుడూ, స్టోర్స్ నీకు అప్పజెప్పారనీ, ముగ్గురు సప్లయర్లు మెషిన్ల కింద కారిన ఆయిల్ పీల్చే ప్యాడ్ల శాంపిల్స్ పంపారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రేటు చూసి ఆర్డర్ పెట్టేయకు. డబ్బా మీద ఇన్ని లీటర్లు పీలుస్తుందని రాస్తారు గానీ ఏ ఆయిల్‌తో చూశారో, పైకి తీశాక ఎంతసేపు కారనిచ్చారో చాలామంది రాయరు, అసలు గుట్టంతా అక్కడే ఉంది.

ఇలాంటి ప్యాడ్లు ఎంత పీలుస్తాయో పరీక్షించడానికి ఏఎస్‌టీఎం ఎఫ్726 అని ఒక స్టాండర్డ్ ఉంది, దాని పద్ధతి మన షెడ్‌లోనే చేసుకోవచ్చు. ముందు పొడి ప్యాడ్ తూచి రాసుకో. ట్రేలో ప్యాడ్ తేలేంత లోతు ఆయిల్ పోసి, ప్యాడ్‌ని అందులో 15 నిమిషాలు వదిలెయ్, తర్వాత క్లిప్పుతో పట్టుకుని నిలువుగా వేలాడదీసి 30 సెకన్లు కారనిచ్చి వెంటనే తూచు. బజ్జీలు తీశాక చిల్లుల గరిటెలో కాసేపు ఆపుతాం చూడు, అదే పని. ఫోన్‌లో టైమర్ పెట్టుకో, అందాజాగా వద్దు, ఎందుకంటే ఒకడికి 10 సెకన్లు ఇంకొకడికి నిమిషం ఇచ్చావంటే నువ్వు తూచింది ప్యాడ్‌ని కాదు, నీ ఓపికని.

లెక్క చాలా సింపుల్. పొడిగా 40 గ్రాములు, కారాక 560 అనుకో, పట్టింది 520, అంటే తన బరువుకి 13 రెట్లు. లీటర్లు కావాలంటే ఆయిల్ సాంద్రతతో భాగించు, హైడ్రాలిక్ ఆయిల్‌కి మిల్లీలీటరుకి సుమారు 0.87 గ్రాములు వేసుకుంటే ఒక్కో ప్యాడ్‌కి 600 మిల్లీలీటర్లు దాకా వస్తుంది. ఒక్కో రకానికీ మూడు ప్యాడ్లు చెయ్, ఏదైనా సగటుకి 15 శాతం మించి తేడా కొడితే ఆ మూడూ పక్కన పెట్టి కొత్తవి మూడు తీసుకో. ప్యాడ్ మొత్తం ముంచితే వంటింటి కాటా చాలు, చిన్న ముక్క కోసావంటే పొడి బరువు మూడు నాలుగు గ్రాములే ఉంటుంది, దానికి ఆ కాటా పనికిరాదు.

మీ మెషిన్లలో కారే ఆయిలే వాడు, ఇది మాత్రం మర్చిపోకు. పల్చటి డీజిల్ తొందరగా ఎక్కి తొందరగా కారిపోతుంది, చిక్కటి గేర్ ఆయిల్ లోపలికి దిగడానికే టైమ్ తీసుకుంటుంది, పైగా 30 సెకన్లకి ఇంకా అంటుకునే ఉంటుంది కాబట్టి లెక్క ఎక్కువ చూపిస్తుంది, అది ప్యాడ్ గొప్పతనం కాదు. అలాంటిదానికి రెండు నిమిషాలు ఇవ్వు. పొద్దున ఒకటీ మధ్యాహ్నం ఎండలో ఒకటీ చెయ్యకు, వేడికి ఆయిల్ పల్చబడి లెక్క మారిపోతుంది. పెట్రోల్‌తో మాత్రం అసలు చెయ్యొద్దు.

ఆయిల్ మాత్రమే పీల్చే తెల్ల ప్యాడ్లు అయితే ఇంకో పని ఉంది. అవి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి, నీళ్ళని పీల్చకూడదు. మూతున్న డబ్బాలో సగం నీళ్ళు పోసి ప్యాడ్ వేసి 15 నిమిషాలు గట్టిగా ఊపించు, మునిగినా బాగా బరువెక్కినా వద్దను, వాన నీళ్ళున్న డ్రైన్‌లో అది ఆయిల్ వదిలేసి నీళ్ళు తాగుతుంది. కూలెంట్, అదే మెషిన్‌ని చల్లబరిచే ద్రవం, కారే చోటికి నీళ్ళూ ఆయిలూ రెండూ పీల్చే బూడిద రంగువే తీసుకో, కూలెంట్‌లో ఎక్కువ భాగం నీళ్ళే కదా.

ఇంకోటి, ఇది స్టాండర్డ్‌లో ఉండదు, నా పట్టింపు. తడిసిన ప్యాడ్‌ని ఒక మూల పట్టుకుని వేస్ట్ డ్రమ్ము దాకా నడిచి చూడు. దారంతా చుక్కలు పడినా, మూల చిరిగి చేతిలోకొచ్చినా 13 రెట్లు కాదు 20 రెట్లు పట్టినా నాకొద్దు. ఇవన్నీ అయ్యాకే రేటు చూడు, ప్యాడ్ ధర కాదు, ఒక లీటరు ఆయిల్ ఎత్తడానికి ఎన్ని రూపాయలో లెక్కేసి మేనేజర్‌కి చూపించు.

టెస్ట్ చేసిన ప్యాడ్లు మామూలు చెత్తలో పడేయకు, ఆయిల్ గుడ్డలు వేసే హజార్డస్ వేస్ట్ డ్రమ్ములోనే వెయ్యి.